నల్లబల్ల కాడికి మన పిల్లలు ఎందుకు పోతలేరు?

డిసెంబర్ 22 వచ్చిందంటే ప్రతి బడిలో లెక్కల పండుగ. రామానుజన్ పుట్టినరోజును 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుతున్నరు. పిల్లలు ముగ్గులు వేస్తరు, అట్టముక్కలతోని గోళాలు, శంకువులు చేస్తరు, సార్లు ఉపన్యాసాలు ఇస్తరు. లెక్కల పంతుళ్లకు సదస్సులు కూడా ఉన్నయి. 1965లో మద్రాసులో పుట్టిన భారత గణిత ఉపాధ్యాయుల సంఘం ఏటా మహాసభ పెడుతది, పత్రిక తెస్తది, పిల్లలకు ప్రతిభా పరీక్షలు నడుపుతది. యూనివర్సిటీలల్ల, డిగ్రీ కాలేజీలల్ల జరిగే సదస్సులు వేరే. మంచిదే. చదువు చెప్పేటోళ్లు ఒక్కతాన కూడి తమ పని గురించి మాట్లాడుకునుడు తప్పు కాదు, కావాలె కూడా. బీడీలు చుట్టే అక్కలకు సభలున్నయి, సింగరేణి కార్మికులకు సభలున్నయి, లెక్కల సార్లకు ఎందుకు ఉండొద్దు?

మా పేచీ సభ పెట్టినందుకు కాదు. ఆ సభలో ఎవరు కూసుంటున్నరు, ఏ ముచ్చట మాట్లాడుతున్నరు, ఏ ముచ్చట లోపలికి రానిస్తలేరు అన్నది మా పేచీ.

ఒక ఏడాది అసొంటి సదస్సుకు లక్సెట్టిపేట దిక్కు నుంచి మేం ముగ్గురం పోయినం. ఎక్కడ, ఎవరు పెట్టిండ్రు అన్నది వదిలేద్దాం. అది ఒక్కరి ముచ్చట కాదు. రెండు రోజులు పత్రాలు చదివిండ్రు. సగం పత్రాలు చదివినోళ్లకు తప్ప ఎవరికీ పట్టనివి, ఫైలులో సర్టిఫికెట్ పెట్టుకునేందుకు పనికొచ్చేవి. కొన్ని నిజంగనే మంచివి. కాగితం మడతలతోని భిన్నాలు చెప్పే తీరు ఒక మేడం చూపిచ్చింది. అది రాసుకొచ్చి మా బళ్లె ఇప్పటికీ వాడుతున్నం. కాని ఆ రెండు రోజులల్ల ఎస్సీ, ఎస్టీ అన్న మాట ఒక్క నోట రాలేదు. ఆఖరికి మేమే లేచి అడిగినం. ప్రభుత్వ జూనియర్ కాలేజీలల్ల ఎంపీసీ గ్రూపుల మాల, మాదిగ, గోండు, కొలాం పిల్లలు ఎంతమంది చేరుతున్నరు? చేరినోళ్లల్ల ఎంతమంది రెండో ఏడు దాకా నిలుస్తున్నరు? ఎవరన్న లెక్క తీసిండ్రా? వేదిక మీది పెద్దమనిషి నవ్వి "గణితానికి కులం లేదండీ" అన్నడు. చప్పట్లు కూడా పడ్డయి.

గణితానికి కులం లేదు, నిజమే. రెండు రెండ్లు నాలుగు అనేది దొరకూ నాలుగే, జీతగానికీ నాలుగే. కాని లెక్క చేసే బల్ల కాడికి ఎవరు పోవచ్చు, ఎవరు పోవద్దు అన్నదాంట్ల కులం ఉన్నది. బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయిల హైస్కూలు చదివే రోజుల ముచ్చటను ధనంజయ్ కీర్ ఆయన జీవిత చరిత్రల రాసిండు. పంతులు ఒకనాడు భీమ్‌రావును లేపి నల్లబల్ల మీద లెక్క చెయ్యమన్నడు. క్లాసంతా గగ్గోలు. సవర్ణుల పిల్లలు ఆ బల్ల ఎనుకనే తమ టిఫిన్ డబ్బాలు పెట్టుకునేటోళ్లు. ఈ పోరడు బల్ల ముట్టుకుంటే కూడు మైలపడుతదని ఉరికురికి పోయి డబ్బాలు ఇసిరేసుకున్నరు. ఆ తర్వాతనే ఆయన సుద్దముక్క పట్టుకున్నడు. ఆ పోరడే 1907లో మెట్రిక్ దాటిండు, కొలంబియాల, లండన్‌ల చదివిండు, 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేసి బ్రిటిష్ సర్కారు రూపాయి విధానాన్ని అంకెలతోని ఎండగట్టిండు.

ఇయ్యాల బల్ల ఎనుక టిఫిన్ డబ్బాలు లేవు. ఆ పని ఇప్పుడు ఒక్క మాటతోని జరుగుతున్నది: "లెక్కలు నీతోని కాదు బిడ్డా, సీఈసీ తీసుకో." పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజులల్ల మన వాడలల్ల ఈ మాట ఎన్నిసార్లు ఇనపడుతదో కార్యకర్తలందరికీ ఎరుకే. చెప్పేటాయన ఒక్కోసారి మనోడే అయి ఉంటడు, ప్రేమతోనే చెప్తడు. సీఈసీ, హెచ్ఈసీ చదువులు తక్కువవని మేం అంటలేం. ఇష్టపడి తీసుకుంటే ఏ చదువైనా గొప్పదే. కాని ఇష్టపడి తీసుకునుడు వేరు, తలుపు మూసి పక్కకు నూకుడు వేరు.

ఆ తలుపు ఎంత పెద్దదో చూడుండ్రి. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ సీటుకు రాసే పాలీసెట్‌ల 120 మార్కులకు 60 లెక్కలయే. ఇంటర్ తర్వాత ఇంజనీరింగ్‌కు రాసే ఎప్‌సెట్‌ల 160కి 80 లెక్కలయే. రెండు తావులా సగం. బెల్లంపల్లి పాలిటెక్నిక్‌ల మైనింగ్ డిప్లొమా చేసి సింగరేణిల ఓవర్‌మన్ కావాలన్నా ముందు ఈ సగం దాటాలె. తండ్రి బొగ్గు తవ్వితే కొడుకు కూడా తట్ట మోసుడే రాతనా? గురుకులాల పిల్లలు ఐఐటీల దాకా పోతున్నరు కదా, వాళ్లు మన వాడల పిల్లలు కాదా? సరిగ్గ చెప్పినకాడ వచ్చిన లెక్క, చెప్పనికాడ ఎట్ల వస్తది? అయిదు తరగతులకు ఇద్దరు పంతుళ్లున్న బళ్లె మొదలుపెట్టి, పత్తి ఏరే కాలంల బడి మానేసి, హైస్కూల్ల లెక్కల సారు పోస్టు ఖాళీగుంటే గైడు బట్టీపట్టి పాసైన పిల్లకు పదహారేండ్లకు "నీకు బుర్ర లేదు" అని చెప్పుడు ఏ గణితం?

ఇంకో సంగతి. లెక్క అంటే సీటు, కొలువు మాత్రమే కాదు. ఇరవై వేలు అప్పు, నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు 600, ఏడాదికి 7,200. కట్టలేకపోతే అది అసలుల కలుపుతరు, 27,200 అయితది. రెండో ఏడు దాని మీద మిత్తి 9,792. రెండేండ్లల్ల ఇరవై వేలు 36,992 అయింది. మన తాతలు ఏలిముద్ర ఏసి తరతరాలు జీతం ఉన్నది ఇసొంటి లెక్క కిందనే. దొర పద్దు పుస్తకం ఆయన ఒక్కనికే తెల్వాలె, మనకు తెల్వొద్దు. 1976ల వెట్టి రద్దు చట్టం వచ్చింది, పద్దు పుస్తకం మాత్రం పోలేదు, వేషం మార్చింది. వడ్లు కొనేకాడ 40 కిలోల బస్తాకు తరుగు కింద రెండు కిలోలు ఎక్కువ జోకితే, వంద బస్తాలకు 200 కిలోలు, అంటే అయిదు బస్తాలు ఉత్తగనే పోయినట్టు. ఎకరమంటే 40 గుంటలు, గుంటంటే 121 గజాలు అని తెల్వని మనిషికి ప్రాజెక్టు కింద మునిగిన భూమికి పరిహారం ఎంత రావాలెనో ఎవరు చెప్తరు? చెరువు నీళ్లు ఏ మడికి ఎంతసేపు ఇడువాలెనో కనుచూపుతోని లెక్కగట్టిన నీరడి మనోడే. ఒక తోలుల మోట బొక్కెన ఎట్ల కోస్తే వృథా పోదో తెలిసిన మాదిగ మనోడే. లెక్క మనకు రాదన్నది ఎవడు పుట్టిచ్చిన మాట?

(సదస్సులల్ల 'వేద గణితం' పుస్తకాలు కూడా అమ్ముతున్నరు. ఆ పేరు మీద పుస్తకం అచ్చయింది 1965ల. రాసింది పూరీ శంకరాచార్యుడు భారతీ కృష్ణ తీర్థ. అందుల సూత్రాలు వేదాలల్ల లేవని ఎస్.జి. దాని అసొంటి గణిత పండితులే రాసిండ్రు. వేదం ఇంటే చెవుల సీసం పోయమన్నోళ్ల వారసులు ఇప్పుడు మన పిల్లలకు వేద గణితం అమ్ముడు మాత్రం ఇచిత్రం.)

ఇగ సదస్సు ఎట్ల ఉండాలె అన్న సంగతికి వస్తే, అమెరికా ముచ్చట ఒకటి చెప్పాలె. అక్కడ కమ్యూనిటీ కాలేజీలని ఉంటయి. రెండేండ్ల కాలేజీలు. మొదటి సర్కారు కాలేజీ 1901ల జోలియెట్ అనే ఊళ్లె పెట్టిండ్రు. ఫీజు తక్కువ, ఇంటికి దగ్గర, వయసు పట్టింపు లేదు. పగలు కూలి చేసి రాత్రి చదివేటోళ్లు, నల్లజాతి పిల్లలు, వలస వచ్చినోళ్ల పిల్లలు ఎక్కువగ చేరేది వీటిలనే. ఈ కాలేజీల లెక్కల టీచర్లు 1974ల తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నరు. దాన్ని అమాటిక్ అంటరు. పెద్ద యూనివర్సిటీ ప్రొఫెసర్ల సభలల్ల తమ ముచ్చట ఎవరూ ఇంటలేరని వేరే సంఘం, వేరే మహాసభ. ఏటా ఒక్కో పట్నంల కూడుతరు.

వాళ్ల ముందల ఉన్న పెద్ద సవాలు ఏంది? కాలేజీల చేరంగనే లెక్కల పరీక్ష పెట్టేటోళ్లు. అందుల తక్కువ వస్తే కింది తరగతి లెక్కలు మళ్ల మొదటి నుంచి చదవాలె, ఒక మెట్టు, ఇంకో మెట్టు, మూడో మెట్టు. ఫీజు కట్టాలె, డిగ్రీకి మాత్రం ఆ చదువు లెక్కకు రాదు. మెట్టు మెట్టుకు పిల్లలు రాలిపోయేటోళ్లు. అట్ల రాలినోళ్లల్ల పేదలు, నల్లజాతివాళ్లు, స్పానిష్ మాట్లాడేటోళ్లు ఎక్కువ. చాలా ఏండ్లు టీచర్లు కూడా పిల్లలదే తప్పన్నరు. మెల్లమెల్లగ వాళ్ల సభలల్లనే ప్రశ్న మారింది: తప్పు పిల్లలదా, మెట్లదా? 1995ల ఆ సంఘం తన ప్రమాణాల పుస్తకం తెచ్చింది. లెక్కలు జల్లెడ కావొద్దు, పిల్లను ముందలికి తీసుకపోవాలె అన్న ఆలోచన దాంట్ల ఉన్నది. 2006ల, 2018ల మళ్ల కొత్తగ రాసుకున్నరు. కాలిఫోర్నియా రాష్ట్రం 2017ల చట్టమే చేసింది: హైస్కూల్ మార్కులు చూసి పిల్లలను నేరుగ కాలేజీ లెక్కల క్లాసుల కూసుండబెట్టాలె, కింది మెట్లకు ఊకె నూకొద్దు. మొదటి ఏడే ఆ లెక్కలు పాసయ్యేటోళ్ల సంఖ్య బాగ పెరిగింది. అందరూ ఒప్పుకోలేదు. సాయం ఇయ్యకుంట పై క్లాసుల పారేస్తే బలహీనులు ఇంకా దెబ్బతింటరని కొట్లాడిన టీచర్లూ ఉన్నరు. ఆ కొట్లాటల న్యాయం ఉన్నది. కాని రాలిపోయేది ఎవరు అన్న ప్రశ్న అక్కడ సభల నడుమల పడ్డది. మన దగ్గర చప్పట్ల కింద పడి చచ్చింది.

అదే అమెరికాల బాబ్ మోజెస్ అని ఒక నల్లజాతి లెక్కల పంతులు ఉండె. 1935ల న్యూయార్క్ హార్లెంల పుట్టిండు. బడి ఇడిచిపెట్టి మిసిసిపీ పల్లెలకు పోయి, 1960ల తొలి ఏండ్లల్ల నల్లవాళ్లను ఓటర్లుగ రాయించే పని చేసిండు. అక్కడ ఓటు కావాలంటే రాజ్యాంగంల ఒక భాగం చదివి అర్థం చెప్పాలె; ఒప్పు, తప్పు తేల్చేది తెల్ల గుమాస్తా. దెబ్బలు తిన్నడు, జైలుకు పోయిండు. తర్వాత టాంజానియాల లెక్కలు చెప్పిండు. తిరిగొచ్చి చూస్తే తన బిడ్డ చదివే బళ్లె బీజగణితం చెప్తలేరు. 1982ల 'ఆల్జీబ్రా ప్రాజెక్టు' మొదలుపెట్టిండు. ఆనాడు ఓటు ఎట్లనో, ఈనాడు బీజగణితం అట్ల, అది లేనోనికి పౌరసత్వం సగమే అన్నది ఆయన వాదం. 2021ల చనిపోయేదాక ఆ పనిలనే ఉన్నడు. ఆయన పద్ధతి సాదా: పిల్లలను రైలెక్కించి తిప్పి, ఎక్కిన స్టేషన్ సున్నా అనుకుంటే ఇటు ధన సంఖ్యలు, అటు రుణ సంఖ్యలు అని వాళ్ల నోటనే చెప్పించేటోడు. మనకు రైలెందుకు? లక్సెట్టిపేట బస్టాండు సున్నా. మంచిర్యాల దిక్కు ధనం, జన్నారం దిక్కు రుణం. బస్సుల కూసున్న ఏ పిల్లకు ఇది రాదు?

ఇసొంటి ముచ్చట్లు మన సదస్సులకు ఎందుకు రావు? రావాల్సినోళ్లు వచ్చే తీరు లేదు గనుక. మన పిల్లలకు పాఠం చెప్పేటోళ్లల్ల ఏండ్ల తరబడి కాంట్రాక్టు లెక్చరర్లు, గెస్ట్ లెక్చరర్లే ఎక్కువ ఉండె. 2022 డిసెంబర్‌ల 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు ప్రకటన వచ్చింది, 2023ల కొన్ని వేలమంది కాంట్రాక్టోళ్లను పర్మినెంటు చేసిండ్రు. వాళ్ల పోరాటానికి వచ్చిన ఫలితం అది. గెస్టుల గతి అంతే ఉన్నది. పీరియడ్ చెప్తేనే పైసలు. సదస్సుకు రెండు రోజులు పోతే ఆ రెండు రోజుల కూలి పోయినట్టే. బస్సు కిరాయి, రిజిస్ట్రేషన్ ఫీజు చేతి నుంచి. మన వాడల నుంచి పీజీ చేసి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ గెస్టులల్లనే ఉన్నరు. ఏ పిల్ల ఎందుకు బడి మానిందో ఇంటి గడపతో సహా తెలిసినోళ్లు వాళ్లే, సభల కుర్చీ లేనిదీ వాళ్లకే.

అందుకే మేం అడుగుతున్నం. మంచిర్యాల జిల్లాల ఉన్న జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్, గురుకుల కాలేజీల లెక్కల టీచర్లందరికీ ఏడాదికి ఒక్కసారన్న సదస్సు పెట్టాలె. స్టార్ హోటల్ వద్దు, లక్సెట్టిపేట కాలేజీ హాలు చాలు. గెస్టులకు ఆ రోజు పీరియడ్ల పైసలు, బస్సు కిరాయి సర్కారే ఇయ్యాలె. పత్రాలు తెలుగుల ఉండాలె, పిల్లల తల్లిదండ్రులు కూసొని ఇనేటట్టు ఉండాలె. ప్రతి కాలేజీ మొదటి పత్రంగ ఒక్క కాగితం తేవాలె: ఎంపీసీల ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఆడ, మగ ఎంతమంది చేరిండ్రు, ఎంతమంది రెండో ఏడు పరీక్ష రాసిండ్రు, ఎంతమంది పాసయిండ్రు, మధ్యల పోయినోళ్లు ఎందుకు పోయిండ్రు. ఆ కాగితం మీద చర్చ అయినంకనే మిగతా పత్రాలు.

అధికారులు పెట్టేదాక మనం ఊకె కూసునే అవసరం లేదు. వాడలల్ల ఉన్న అన్నలు, అక్కలు మీ దగ్గరి కాలేజీకి పోయి ఆ అంకెలు అడుగుండ్రి. ప్రిన్సిపాల్ మంచోడైతే కూసోబెట్టి చూపిస్తడు. చూపియ్యకుంటే తెల్ల కాగితం మీద 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసి, పది రూపాయల ఫీజు కట్టి రసీదు తీసుకోవాలె. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నోళ్లకు ఆ ఫీజు కూడా లేదు, కార్డు జిరాక్సు జోడిస్తే సరిపోతది. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. పిల్లల పేర్లు అడుగొద్దు, సంఖ్యలే అడగాలె. గడిచిన అయిదేండ్లవి ఏడాదివారీగ, కులంవారీగ అడగాలె. వచ్చిన కాగితాలు మాకు పంపితే కాలేజీల పేర్లతోని ఈ పేజీలల్లనే అచ్చేస్తం.