పాత కంప్యూటర్‌కు కొత్త దిమాగ్: గునాహ్ ఎవరిది?

పాత హోమ్ కంప్యూటర్ల షౌక్ ఉన్నవాళ్ల మధ్య ఒక ఝగ్డా ఏళ్లుగా తెగడం లేదు. కమొడోర్, అమీగా, యాపిల్ టూ, బీబీసీ మైక్రో లాంటి ముప్ఫై, నలభై ఏళ్లనాటి మిషన్లకు కొందరు యాక్సిలరేటర్ కార్డు పెడుతుంటారు. పాత ప్రాసెసర్ చేసే పనిని దానికంటే ఎన్నో రెట్లు వేగమైన ప్రాసెసర్‌కు అప్పజెప్పే కార్డు అది. ఇది చూస్తే ఖాలిస్ పార్టీకి ఒళ్లు మండుతుంది. "దిమాగే మార్చేశాక అది పాత కంప్యూటర్ ఎలా అవుతుంది? ఖాళీ డబ్బా మిగిలింది. ఇది తారీఖ్‌కు ద్రోహం" అంటారు.

నేను సాఫ్‌గా చెప్తున్నా, ఇందులో ద్రోహం ఏమీ లేదు. ఆ దర్వాజా తెరిచి పెట్టింది ఆ మిషన్లు తయారుచేసినవాళ్లే.

మన అమ్మీలు ఈద్‌కు పిల్లల బట్టలు కుట్టించేటప్పుడు దర్జీకి ఒక మాట తప్పకుండా చెప్తారు: "లోపల కొంచెం గుంజాయిష్ ఉంచు భాయ్." పిల్లవాడు ఎదుగుతాడు, వచ్చే ఏడు కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. అలా వదులు చేసిన కుర్తాను చూసి, దర్జీ పనితనం బర్బాద్ అయిందని ఎవరైనా ఏడుస్తారా? దర్జీ హునర్ ఆ లోపలి మడతలోనే ఉంది.

1977లో వచ్చిన యాపిల్ టూ చూడండి. స్టీవ్ వోజ్నియాక్ జిద్ పట్టి మరీ అందులో 8 స్లాట్లు పెట్టించాడు. 1980లో మైక్రోసాఫ్ట్ అదే స్లాట్‌లో పెట్టుకునే సాఫ్ట్‌కార్డ్ తెచ్చింది. దాని మీద ఉన్నది జెడ్80 అనే పరాయి ప్రాసెసర్. సీపీ/ఎం అనే వేరే సిస్టమ్ కోసం రాసిన ప్రోగ్రాములు దానితో యాపిల్ మీద నడిచాయి. మిషన్ ఇంకా దుకాణాల్లో అమ్ముడవుతున్న రోజుల్లోనే దానికి రెండో దిమాగ్ వచ్చింది. ఇక ఇప్పటి షౌకీన్లు చేసిన కొత్త గునాహ్ ఏమిటి?

1992 నాటి అమీగా 1200 ప్రాసెసర్ వేగం 14 మెగాహెర్ట్జ్. కానీ మిషన్ అడుగున ఒక చిన్న మూత పెట్టారు. అది తీసి బ్లిజర్డ్ 1230 లాంటి కార్డు పెడితే 50 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ పని అందుకుంటుంది. అలాంటి కార్డు మీద సొంత ర్యామ్ కూడా వేసుకుంటారు. ఎందుకంటే ఎంత తేజ్ ప్రాసెసర్ అయినా ప్రతి మాటకూ పాత మెమరీ దగ్గరికే పోవాల్సి వస్తే అక్కడ ఇంతెజార్ చేస్తూ కూర్చుంటుంది. బొమ్మ, శబ్దం మాత్రం అమీగా సొంత చిప్‌లే చూసుకుంటాయి. ఇంటి పెద్ద ఇంట్లోనే ఉన్నాడు, బరువు మోయడానికి జవాన్ కొడుకు వచ్చాడు, అంతే.

అన్నిటికంటే పెద్ద గవాహీ బీబీసీ మైక్రోది. ఇంగ్లండ్‌లో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన ఈ మిషన్ మనకు పరాయిది కాదు. 1984లో మన దేశంలో బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి మొదలైన క్లాస్ ప్రాజెక్టులో బడులకు చేరింది ఇదే. దీని అడుగున ట్యూబ్ అనే కనెక్టర్ ఉంటుంది. రెండో ప్రాసెసర్ ఉన్న పెట్టెను అక్కడ తగిలిస్తే ప్రోగ్రామ్ అందులో నడుస్తుంది, కీబోర్డు, తెర, డిస్క్ పనులు పాత 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ చూసుకుంటుంది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ తయారుచేసిన మొదటి ఆర్మ్ చిప్ 1985 ఏప్రిల్ 26న పనిచేసింది. దాన్ని నడిపింది ఈ ట్యూబ్‌కు తగిలించే. ఈ రోజు దాదాపు ప్రతి మొబైల్‌లో ఉన్నది ఆ ఆర్మ్ ఖాన్‌దానే. ఆ చిన్న దర్వాజా గుండా ఏం వచ్చిందో చూశారుగా!

ఖాలిస్ పార్టీ మాటలో నిజం అసలే లేదని నేను అనను. పాత గేములు చాలా వరకు ప్రాసెసర్ వేగాన్ని నమ్ముకుని రాసినవి. దిమాగ్ తేజ్ చేస్తే కొన్ని పిచ్చిగా పరుగెత్తుతాయి, కొన్ని నడవనే నడవవు. దానికి జవాబు ఆనాటి కారీగర్లే ఇచ్చారు. కమొడోర్ 64ను 20 మెగాహెర్ట్జ్‌కు తీసుకెళ్లే సూపర్‌సీపీయూకు, మళ్లీ పాత 1 మెగాహెర్ట్జ్‌కు దింపే స్విచ్ ఉంటుంది. నా ఉసూల్ ఒక్కటే. కార్డు తీసేస్తే మిషన్ మొదట ఎలా ఉందో అలా లేచి నిలబడాలి. బోర్డు కోసి, తీగలు తెంపి చేసేది అప్‌గ్రేడ్ కాదు, కసాయి పని. అక్కడ నేనూ ఖాలిస్ పార్టీ పక్కనే నిలబడతా.

మరి అసలు ముజ్రిమ్ ఎవరు? గుంజాయిష్ లేకుండా కుట్టినవాడు. 1984 నాటి మొదటి మాకింతోష్‌లో ఒక్క స్లాట్ లేదు, 128 కేబీ మెమరీని బోర్డుకే సోల్డర్ చేశారు. ఆ రోజు అది ఒక మిషన్ నఖ్రా. ఈ రోజు అదే బజార్ దస్తూర్ అయింది. పల్చటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతుక్కుని ఉంటుంది. కొన్నిటిలో స్టోరేజ్ కూడా అంతే.

ప్రాసెసర్ పక్కనే మెమరీ అతికిస్తే వేగం పెరుగుతుంది, బ్యాటరీ మిగులుతుంది అని కంపెనీలు అంటాయి. ర్యామ్ విషయంలో ఆ మాటకు వజన్ ఉంది. ఒప్పుకుంటా. కానీ బ్యాటరీని గట్టి గమ్‌తో అంటించడానికి ఏ వేగం బహానా? స్టోరేజ్ మార్చుకునే చోటు ఇవ్వకపోవడానికి? ఆ వేగం ఖరీదు ఎవరి జేబు నుంచి పోతోందో కూడా లెక్కలో రాయాలి కదా!

లెక్క మన ఇళ్లలోనే తేలుతుంది. బేటీ ఇంజనీరింగ్‌లో చేరిందని అబ్బా కిస్తుల మీద ల్యాప్‌టాప్ కొంటాడు. మూడో ఏడాదికి 8 జీబీ చాలదు. స్లాట్ ఉంటే ఒక కార్డు ఖర్చుతో పోయేది. లేకపోతే నడుస్తున్న మిషన్‌ను పక్కనపెట్టి, పాత కిస్తులు తీరకముందే కొత్త కిస్తులు మొదలు. నలభై ఏళ్ల బీబీసీ మైక్రోకు రెండో దిమాగ్ పెట్టుకునే హఖ్ ఉండి, నిన్న కొన్న మిషన్‌కు మెమరీ పెంచుకునే హఖ్ లేకపోవడం ఏ తరక్కీ?

భాయ్‌జాన్, ఆపాజాన్, ఈసారి సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో చూసినా, రంగు, బరువు తర్వాత అడగండి. ముందు ఇవి అడగండి: ర్యామ్‌కు ఖాళీ స్లాట్ ఉందా? స్టోరేజ్ తీసి మార్చొచ్చా? బ్యాటరీ స్క్రూలతో ఊడుతుందా, గమ్‌తో అంటించారా? దుకాణదార్ నీళ్లు నమిలితే పక్క దుకాణం ఉంది. దర్జీ దగ్గర గుంజాయిష్ అడగడానికి ఏనాడూ మొహమాటపడని మనం, యాభై వేలు పోసేచోట ఎందుకు ఖామోష్‌గా ఉండాలి?