పాత్రల కరువే మెగాఫోన్ పట్టిస్తోంది

2025 అక్టోబర్ 2న ‘కాంతార: చాప్టర్ 1’ తెలుగుతో సహా పలు భాషల్లో విడుదలైంది. రాసింది, తీసింది, హీరోగా చేసింది రిషబ్ శెట్టే. కన్నడ సినిమాకు మారుపేరైన బెంగళూరు గాంధీనగర్‌కు ఇది కొత్త కాదు. గిరీశ్ కర్నాడ్, శంకర్ నాగ్, రవిచంద్రన్, రమేశ్ అరవింద్, సుదీప్, రక్షిత్ శెట్టి, దునియా విజయ్ వంటి నటులెందరో దర్శకత్వం వహించారు. నటుడు మెగాఫోన్ పట్టిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. చేతిలో సినిమాలు లేక పట్టాడని ఒకరంటే, అన్నీ తానే కావాలన్న అహంతో పట్టాడని ఇంకొకరంటారు. కొందరి విషయంలో ఇవి నిజమూ కావచ్చు. కానీ ఆ నటులు తీసిన సినిమాలను వరసగా పెట్టి చూస్తే అంతకంటే బలమైన కారణం కనబడుతుంది. తమకు తెలిసిన జీవితానికీ, తమ దగ్గరకు వచ్చే పాత్రలకూ మధ్య దూరం బాగా పెరిగినప్పుడే నటులు దర్శకులవుతున్నారు. కాబట్టి నటుడు మెగాఫోన్ పట్టడాన్ని అతని స్వభావానికి ముడిపెట్టి వదిలేయకూడదు. మన సినిమాల్లో కథలు, పాత్రలు ఏ స్థితిలో ఉన్నాయో చెప్పే సాక్ష్యంగా కూడా దాన్ని చూడాలి.

ముందు సినిమా నటన ఎలాంటి పనో గుర్తు చేసుకుందాం. రంగస్థలం మీద తెర లేచాక నాటకం నటుడి చేతిలో ఉంటుంది. సినిమాలో అలా కాదు. చివరి సన్నివేశం మొదట తీయవచ్చు, మొదటిది చివర తీయవచ్చు. పది టేకుల్లో ఏది ఉండాలో, ఉన్నదానిలో ఎన్ని క్షణాలు మిగలాలో ఎడిటింగ్ గదిలో తేలుతుంది. తెలుగు సినిమాల్లో ఎందరో కథానాయికలకు సొంత గొంతు కూడా దక్కలేదు. డబ్బింగ్ కళాకారిణుల గొంతే ప్రేక్షకులకు చేరింది. తెర మీద అందరికంటే ఎక్కువగా కనిపించే మనిషికి తన పని చివరికి ఏ రూపం తీసుకుంటుందో నిర్ణయించే అధికారం లేదు. ఈ అసంతృప్తి సినిమా అంత పాతది. 1919లో చాప్లిన్, మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ దర్శకుడు గ్రిఫిత్‌తో కలిసి అమెరికాలో యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను పెట్టుకున్నది తమ సినిమాల మీద తమకు హక్కు ఉండాలనే.

అయితే ఈ అసంతృప్తి నటులందరికీ ఉంటుంది, దర్శకులయ్యేది మాత్రం కొందరే. ఇక్కడే పాత్రల సంగతి వస్తుంది. శంకర్ నాగ్‌నే తీసుకుందాం. ముంబైలో మరాఠీ నాటకరంగంలో పెరిగిన ఆయన కన్నడలో యాక్షన్ హీరోగా స్థిరపడ్డారు. 1980లో వచ్చిన ‘ఆటో రాజా’తో బెంగళూరు ఆటో డ్రైవర్లకు ఆరాధ్యుడయ్యారు, ఆయన బొమ్మ ఉన్న ఆటోలు నేటికీ ఈ నగరంలో కనిపిస్తాయి. నిర్మాతలకు ఆయనలో కావలసింది ఆ ఫైట్లు చేసే హీరోయే. అదే ఏడాది ఆయన తొలిసారి దర్శకత్వం వహించిన ‘మించిన ఓట’ మాత్రం కార్ల దొంగలు జైలు నుంచి పారిపోయే కథ. తర్వాత తీసిన ‘యాక్సిడెంట్’ మత్తులో కారుతో ఫుట్‌పాత్ మీది పేదలను చంపిన రాజకీయ నాయకుడి కొడుకు గురించి, అతన్ని కాపాడే అధికారం గురించి. ఆగుంబెలో చిత్రీకరించిన ‘మాల్గుడి డేస్’తో ఆర్.కె. నారాయణ్ కథలను దూరదర్శన్ ద్వారా దేశమంతటికీ చేర్చారు. ఫైట్ల హీరోగా ఆయనకు అవకాశాలకు కొదవ లేదు. ఈ కథలు మాత్రం ఆ ఇమేజ్ వల్ల వచ్చినవి కావు, తానే ఎంచుకున్నారు.

ఆయన ఒక్కరిదే కాదు ఈ దారి. నెల్లూరు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మన కవి తిక్కవరపు పట్టాభిరామరెడ్డి తీసిన ‘సంస్కార’ (1970)లో కర్నాడ్ ప్రధాన పాత్ర వేశారు. మరుసటి ఏడాదే బి.వి. కారంత్‌తో కలిసి ‘వంశవృక్ష’కు దర్శకత్వం వహించారు, ఆ తర్వాత సొంతంగా ‘కాడు’ తీశారు. ‘సంస్కార’ లాంటి పాత్ర మళ్లీ ఎప్పుడు వస్తుందా అని కూర్చుంటే ఆయన చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చేది. రక్షిత్ శెట్టి 2013లో ‘సింపల్లాగ్ ఒంద్ లవ్ స్టోరీ’తో ప్రేమకథల హీరోగా హిట్ కొట్టారు. అదే దారిలో పోకుండా, మల్పె తీరంలో జరిగిన ఒకే సంఘటనను వేర్వేరు మనుషుల కళ్లతో చూపే ‘ఉళిదవరు కండంతె’ను 2014లో తీశారు. ఇక తెలుగువారు ఏళ్ల తరబడి విలన్‌గా చూసిన బెంగళూరు మనిషి ప్రకాశ్‌రాజ్ మెగాఫోన్ పట్టి ఏం తీశారో చూడండి: కూతుర్ని వదిలి ఉండలేని తండ్రి కథ ‘నాను నన్న కనసు’, కొడుకు చదువుతో సతమతమయ్యే తండ్రి కథ ‘ధోని’, వయసు మీరాక భోజనం సాక్షిగా పుట్టిన ప్రేమ ‘ఉలవచారు బిర్యాని’. వాటిలో ఒక్క దాంట్లోనూ ఆయన విలన్ కాదు.

తెలుగులోనూ ఇదే కనిపిస్తుంది. రాముడిగా, కృష్ణుడిగా ఇంటింటి పటమైన ఎన్టీఆర్ ‘సీతారామ కల్యాణం’ (1961)ను తానే తీసినప్పుడు రాముడి వేషం హరనాథ్‌కు ఇచ్చి తాను రావణుడయ్యారు. ‘శ్రీకృష్ణ పాండవీయం’లో కృష్ణుడితో పాటు దుర్యోధనుడు, ‘దాన వీర శూర కర్ణ’ (1977)లో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఆయనే. ప్రతినాయకుడి పక్షాన కథ చెప్పాలన్న కోరిక దేవుడి వేషాల డిమాండ్‌తో తీరేది కాదు. భానుమతి ‘చండీరాణి’ (1953)ని ఒకేసారి తెలుగు, తమిళం, హిందీల్లో తీసి ద్విపాత్రాభినయం చేశారు. విజయనిర్మల తెలుగులో తొలిసారి దర్శకత్వం వహించినప్పుడు యద్దనపూడి సులోచనారాణి నవల ‘మీనా’ (1973)ను ఎంచుకున్నారు. కథ నడిపే ఆడపిల్లను తెరకెక్కించడానికి నవలాసాహిత్యం వైపు చూసిన ఆమె 44 సినిమాలు తీసి గిన్నిస్ రికార్డుకెక్కారు.

ఇవన్నీ ఏరి తెచ్చిన ఉదాహరణలనీ, నటులు తీసిన సినిమాల్లో చాలావరకు హీరోను భుజాన మోసేవేననీ ఎవరైనా అనవచ్చు. అలాంటివి ఉన్నాయి, కాదనను. సొంత బేనర్‌లో తానే నటించి తానే తీస్తే పారితోషికం మిగులుతుంది, లాభంలో వాటా పెరుగుతుంది. ఈ లెక్క కూడా చాలామందికి ఉంటుంది. కానీ డబ్బే లక్ష్యమైతే శంకర్ నాగ్ ‘ఆటో రాజా’ బాటలోనే నాలుగు సినిమాలు తీసుకునేవారు, రక్షిత్ ఇంకో ప్రేమకథ తీసేవారు. చెల్లుబాటయ్యే ఇమేజ్‌ను పక్కనబెట్టి నష్టపోయే అవకాశం ఎక్కువున్న కథను ఎంచుకున్నవారికి డబ్బు ఆశో, అహమో అంటగట్టడం సులువే గానీ న్యాయం కాదు. నటుడు దర్శకత్వం ఎందుకు చేశాడో తెలియాలంటే అతను ఏ కథ తీశాడో చూడాలి. ఉన్న ఇమేజ్‌నే మరింత పెద్దది చేసుకుంటే విమర్శించండి. దాన్ని దాటే ప్రయత్నం చేస్తే గౌరవించండి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. దర్శకత్వం ఏళ్ల తరబడి సహాయకుడిగా నేర్చుకోవలసిన విద్య. స్టార్ నేరుగా వచ్చి కూర్చుంటే క్లాప్ కొట్టి, కంటిన్యుటీ రాసి ఎదిగిన అసిస్టెంట్ల దారి మూసుకుపోతుంది. పైగా హీరోయే దర్శకుడైతే ‘ఇంకో టేక్ చేద్దాం’ అనే ధైర్యం సెట్‌లో ఎవరికుంటుంది? ఈ ప్రమాదం నిజమే. ‘ప్రేమలోక’ (1987)తో కన్నడ సినిమా రంగూ పాటా మార్చేసిన రవిచంద్రన్, నాలుగు భాషల్లో భారీగా తీసిన ‘శాంతి క్రాంతి’ (1991)తో తీవ్రంగా దెబ్బతిన్నారు; తెలుగులో అందులో నాగార్జున నటించారు. కానీ ఈ అభ్యంతరం తయారీ లేని నటుడికి వర్తిస్తుంది, నటులందరికీ కాదు. శంకర్ నాగ్ దర్శకుడు కాకముందే మరాఠీ చిత్రం ‘22 జూన్ 1897’కు రచనలో పాలుపంచుకున్నారు. రిషబ్ శెట్టి చిన్న వేషాలు వేసి, ‘రిక్కి’, ‘కిరిక్ పార్టీ’లకు దర్శకత్వం వహించి, ఆ తర్వాతే హీరో అయ్యారు. కుందాపుర ప్రాంతంలోని సొంత ఊరు కెరాడిని, అక్కడి దైవారాధన భూతకోలను, దున్నల పందెం కంబళను ఆధారం చేసుకుని ఆయన తీసిన మొదటి ‘కాంతార’ (2022) ఆయనకు ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారం తెచ్చింది. ఆ పాత్ర ఆయనే రాసుకోకపోతే ఆ నటన మనకు దక్కేది కాదు.

మంచి పాత్రలకు ఈ కరువు ఎందుకొచ్చింది? బెంగళూరు థియేటర్లలో కన్నడ సినిమా సొంత గడ్డ మీదే తెలుగు, తమిళ, హిందీ సినిమాలతో పోటీ పడాలి. అందుకే నిర్మాత ఇదివరకు ఆడిన ఫార్ములానో, పక్క భాష రీమేక్‌నో నమ్ముకుంటూ వచ్చాడు. తెలుగులో మార్కెట్ పెద్దదైనా భయం అదే: బడ్జెట్ పెరిగేకొద్దీ హీరో ఇమేజ్ దాటడానికి ధైర్యం తగ్గుతోంది. రెండుచోట్లా రచయితకు దక్కేది తక్కువ, కథ మీద గడిపే కాలం ఇంకా తక్కువ. ఆ ఖాళీని పేరున్న నటుడు తన పలుకుబడితో పూడ్చగలడు. పేరులేని క్యారెక్టర్ నటుడు పూడ్చలేడు. స్త్రీలకు ఆ దారి మరీ ఇరుకు. తెలుగులో అంతటి కీర్తి ఉన్న సావిత్రి 1968లో ఎక్కువమంది మహిళా సాంకేతిక నిపుణులతో ‘చిన్నారి పాపలు’ తీశారు. అది ఆడలేదు, సినిమాలు తీయడంలో వచ్చిన నష్టాలు ఆమెను ఆర్థికంగా కుంగదీశాయి. అసలు అన్యాయం ఇక్కడుంది. నటులు దర్శకులవుతున్నారని బాధపడనక్కర్లేదు. చెప్పడానికి కథ ఉండి కూడా మెగాఫోన్ అందుకోలేని నటీనటులు ఎందరో ఉన్నారే అని బాధపడాలి.

కాబట్టి నిర్మాతలకు ఒక విన్నపం. సెట్స్ మీద పెట్టే ఖర్చులో కొంత భాగమైనా రచన మీద పెట్టండి. కథ సిద్ధమయ్యేదాకా రచయితకు జీతమివ్వండి. హీరోలు చెప్పే కథలతో పాటు పాతికేళ్లుగా అమ్మ, అక్క వేషాలు వేస్తున్న నటీమణులు చెప్పే కథలూ వినండి. ప్రేక్షకులుగా మనం కూడా నటుడు మెగాఫోన్ పట్టాడని వినగానే అహమని తీర్పు చెప్పడం మానుకుని, అతను చెబుతున్న కథ ఏమిటో చూడడానికి టికెట్ కొందాం. మంచి పాత్రలు రాసే పరిశ్రమలో దర్శకత్వం నటుడి ఇష్టం మీద ఆధారపడిన సంగతి. పాత్రలు కరువైన పరిశ్రమలో అది నటుడికి మిగిలిన ఒకే ఒక్క దారి.