పరీక్ష ఒక్కటే చాలదు

అంటువ్యాధిని అరికట్టవలెనన్న మొదట రోగిని గుర్తించవలెను. పిమ్మట అతనిని విడిగా ఉంచవలెను. ఇంతవరకు అందరు అంగీకరింతురు. కాని విడిగా ఉన్నవాని కుటుంబమునకు అన్నము పెట్టునదెవరు?

2020 నవంబరు 6న ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున, రోగలక్షణములు లేనివారికి సైతము కరోనా పరీక్షలు ప్రారంభమైనవి. సుమారు 2,000 మంది సైనికులు సహాయమునకు వచ్చిరి. పరీక్ష ఉచితము, ఫలితము గంటలోపే తెలియును. ఐనను పేదల పేటలలో పరీక్షకు వచ్చినవారు తక్కువ. రోగము బయటపడినచో పనికి పోరాదు; పనికి పోనిచో కూలి లేదు. అల్పాదాయము గలవారికి 500 పౌండ్ల సహాయము ఆ సెప్టెంబరులోనే ప్రకటింపబడినను, షరతుల మూలమున దానిని అందుకొనలేకపోయినవారు అనేకులు.

అదే సంవత్సరము ముంబయిలోని ధారావిలో మరొక మార్గము త్రొక్కిరి. ఒకే గదిలో ఎనిమిది పది మంది నివసించు చోట ‘ఇంటిలోనే విడిగా ఉండుడు’ అనుట పరిహాసమే. కావున నగరపాలక సంస్థ పాఠశాలలలో, కల్యాణమండపములలో పడక, భోజనము, వైద్యము ఉచితముగా ఏర్పరచినది.

రోగి విడిగా ఉండుట ఊరి మేలు కొరకే. అట్టిచో ఆ వ్యయమును ఊరే భరించుట న్యాయము. విద్యార్థి సోదర సోదరీమణులారా! రేపు మరొక మహమ్మారి వచ్చి మన పేటలో ఏ తలుపు మూతపడినను, ఆ వాకిట బియ్యము, మందులు ఉంచు బాధ్యత మనది. కళాశాల కమిటీవారు ఇందులకై చిన్న నిధినైనను ఇప్పుడే నెలకొల్పుదురు గాక!