జమ్మి చెట్టు మీదే ఉండనివ్వండి

మా చెల్లెలిది గద్వాల. దాని కొడుకు ఉండేది టెక్సాసు. మధ్యన ఏడు సముద్రాలున్నా పండగలకు మాత్రం దూరం లేదు. ఇక్కడ మేం ఏ రోజు బతుకమ్మ పేరిస్తే అక్కడా ఆ రోజే పేరుస్తారు. తంగేడు దొరక్కపోతే ఏవో పసుపుపచ్చ పూలు కొనుక్కొచ్చి సరిపెట్టుకుంటారు. దసరా నాడు ఆయుధపూజా అంతే.

మా ఇళ్ళల్లో ఆయుధాలంటే ఏముంటాయండీ? కత్తిపీట, కొడవలి, మావారి పాత స్కూటరు, నా కుట్టుమిషను. మా చెల్లెలి వీధిలోనైతే మగ్గానికీ, నాడెకూ బొట్టు పెడతారు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే గద్వాల చీరె మీరెరుగుదురుగా, దాన్ని నేసే చేతులకు అవే ఆయుధాలు. అన్నం పెట్టేదాన్ని ఏడాదికొకసారి కడిగి, తుడిచి, దండం పెట్టుకోవడమే ఈ పండగ అని మా అమ్మ చెప్పేది.

మొన్న దసరాకు మావాడు ఫోనులో ఫోటో పంపాడు. బల్ల మీద ఎర్రగుడ్డ. దాని మీద పసుపు కుంకుమలతో, చామంతి పూలతో ఇంత పొడుగు తుపాకీ! పక్కన వాడి నాలుగేళ్ళ కొడుకు పట్టు లాల్చీ తొడుక్కుని, తుపాకీ మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు.

దాచడమెందుకు, నేనూ అందరితోపాటు "చల్లగుండు బిడ్డా" అని రాసేసినదాన్నే. చుట్టాలంతా ఒకరి మీదొకరు పడి మెచ్చుకున్నారు. మా మరిదిగారైతే "పులి కడుపున పులే పుడతది" అని మీసం మెలేశారట. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాక గానీ నా గుండె గతుక్కుమనలేదు. వెంటనే ఫోను చేశాను.

"ఏందిరా అది?"

"టామీ గన్ను పెద్దమ్మా! పాత సినిమాలల్ల చూస్తమే, గది. ఇది సివిలియన్ మోడలు. ఒక్కపారి నొక్కితే ఒక్కటే తూటా పోతది. భయమేం లేదు. ఆదివారం ఆదివారం రేంజికి పోయి కాలుస్త. మస్తుంటది."

"మస్తుంటది" అన్న ఆ మాట దగ్గరే నాకూ వాడికీ చెడింది. ఆ పోట్లాటే మీ ముందు పెడుతున్నాను. తీర్పు మీదే.

పెళ్ళిసంబంధం వస్తే మూడు తరాలు ఆరా తీస్తాం కదా. ఇంటికొచ్చిన ఈ కొత్త చుట్టం వంశమేమిటో కూడా చూద్దాం. దీన్ని తయారు చేయించినవాడు జాన్ థాంప్సన్ అనే అమెరికా సైనికాధికారి. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో దాక్కున్న మనుషులను ఊడ్చిపారేయడానికి దీన్ని తలపెట్టాడు. తయారయ్యేసరికి 1918లో యుద్ధం ముగిసింది. గిరాకీ లేకపోయింది. అందుకని 1921 నుంచి మామూలు జనానికి అమ్మజూపారు. ధర 200 డాలర్లు, ఆనాటి ఫోర్డు కారు ధరలో సగం. పశువుల కొట్టాలున్న ఆసామి వరండాలో నిలబడి దొంగల మీద దీన్ని పేలుస్తున్నట్టు ప్రకటనలు కూడా వేశారు. "మీ ఇంటి రక్షణకు" అన్న మాట అప్పటిదేనన్నమాట!

తీరా కొన్నదెవరు? దొంగ సారా ముఠాలు. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చేశారు. అక్కడ ఈ థాంప్సన్ తుపాకులు పేలాయి. ఆ తర్వాత 1934లో అమెరికా ప్రభుత్వం ఇలాంటి వాటి మీద 200 డాలర్ల పన్ను వేసింది. 1986లో కొత్త మెషిన్‌గన్నులు జనానికి అమ్మడమే ఆపేసింది. ఇదీ జాతకం. ఇన్ని దోషాలున్న సంబంధాన్ని మనలో ఏ తల్లి ఒప్పుకుంటుంది?

"అది పాతది పెద్దమ్మా, మాది వేరే" అంటాడు మావాడు. ఏమిటా వేరు? వాడే చెప్పాడు. అసలుదాని గొట్టం 10.5 అంగుళాలు. దీనిది చట్టం కోసం 16.5 అంగుళాలకు పెంచారు. అసలుది నొక్కి పట్టుకుంటే నిమిషానికి ఆరేడు వందల తూటాలు కక్కే వేగంతో పేలుతుంది. ఇది నొక్కినప్పుడల్లా ఒకటి వదులుతుంది. తూటా మాత్రం అదే, 45 క్యాలిబరు. పులికి పరుగు తగ్గించి, ఇక ఇది పిల్లే అన్నట్టుంది! పంజా అలాగే ఉందిగా నాయనా? తగిలినవాడికి అది ఆరువందల్లో ఒకటో, ఒంటరిగా వచ్చిందో తెలుస్తుందా?

ఇక వాడి రెండో మాట, ఆత్మరక్షణ. ఇది కాస్త ఆలోచించవలసిన మాటే. ఆ దేశంలో మనవాళ్ళ భయం ఉత్తిది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాసు రాష్ట్రంలోని ఒలేత్‌లో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న మన హైదరాబాదు ఇంజనీరును, "మా దేశం విడిచి పొండి" అని అరిచి ఒకడు కాల్చేశాడు. 2023 మేలో టెక్సాసులోనే, ఆలెన్ అనే ఊళ్ళో బజారుకు వెళ్ళిన మన తెలుగమ్మాయి మరో ఏడుగురితో పాటు తూటాలకు బలైంది. ఆ వార్తలు విన్న రోజు మా చెల్లెలు అన్నం ముట్టలేదు. కాబట్టి భయపడొద్దని నేననను.

కానీ ఒక్క లెక్క చెప్పమనండి. దాదాపు ఆరు కిలోల బరువున్న ఆ తుపాకీని బజారుకు వెళ్ళినప్పుడు చంకలో పెట్టుకుని పోతాడా? పోడు. ఇంట్లోనే ఉంటుంది. ఇంట్లో తాళం వేసి, తూటాలు వేరే చోట పెడితే దొంగ వచ్చినప్పుడు అక్కరకు రాదు. అక్కరకు రావాలని తాళం తీసి పెడితే నాలుగేళ్ళ పిల్లవాడి చేతికి అందుతుంది. ఈ రెంటికీ మధ్య మూడో దారి ఉంటే చెప్పమన్నాను. "నేను జాగర్తగ ఉంట గద" అన్నాడు. జాగ్రత్తగా ఉండేవాళ్ళ ఇళ్ళల్లో పాలు పొంగిపోవా? 2024 నవంబరులో అట్లాంటాలో, కొత్తగా కొనుక్కున్న వేటతుపాకీని శుభ్రం చేస్తుంటే అది పేలి మన హైదరాబాదు కుర్రాడు చనిపోయాడు. పుట్టినరోజు నాడు! పక్కగదిలో స్నేహితులున్నారు. దొంగ రాలేదు, శత్రువు రాలేదు. కొనుక్కున్నదే కాటేసింది. 2020 నుంచి ఆ దేశంలో పిల్లల, కుర్రవాళ్ళ మరణాలకు కారణాల్లో తుపాకీ రోడ్డు ప్రమాదాలను దాటి మొదటి స్థానానికి వచ్చింది. కన్నతల్లులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

"మరి ఆటగాళ్ళు కాల్చడం లేదా?" అని మావారు కూడా వాడి పక్షాన చేరారు. కాల్చండి, ఎవరొద్దన్నారు? మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో ఎయిర్ రైఫిల్‌తో కంచు పతకం తెచ్చాడు. మన పిల్ల ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తోటి అమ్మాయిలతో కలిసి 25 మీటర్ల పిస్టల్‌లో బంగారు పతకం గెలిచింది. ఆమె ఫోటో వచ్చిన పేపరు నేను దాచుకున్నాను. ఊపిరి బిగబట్టి, మనసు నిలిపి, చుక్క మీద గురి పెట్టడం విద్య. మనుషులను ఊడ్చడానికి పుట్టినదాని నకలు కొనుక్కుని, ఆదివారం పూట టపటపలాడించి, "మస్తుంటది" అనడం విద్య ఎలా అవుతుందండీ?

అసలు ఈ మోజు ఎక్కడిదో నాకు తెలుసు. వీళ్ళ నాన్నలు 1966లో 'గూఢచారి 116', 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' చూసి, కృష్ణ మాదిరి వేలితో గాలిలో కాలుస్తూ ఇంటికొచ్చినవాళ్ళే. అప్పుడు వేలే గనక ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు కొడుకుల చేతుల్లో డాలర్లున్నాయి.

మా మరిదిగారిది మరో వాదం. "మనది సంస్థానాల గడ్డ వదినా! వీరత్వం మన రక్తంలున్నది." ఉండవచ్చు. వనపర్తి రాజావారి కొలువులో ఆఫ్రికా నుంచి వచ్చిన అంగరక్షకులుండేవారు. ఆ దళం తర్వాత నిజాముకు చేరింది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అన్న పేట పేరు వాళ్ళదే. ఇప్పుడు మిగిలింది ఆ పేరే. 1948లో సిడ్నీ కాటన్ అనే విమానాలాయన కరాచీ నుంచి నిజాముకు దొంగతనంగా ఆయుధాలు చేరవేశాడు. సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, అయిదు రోజుల్లో అన్నీ ముగిశాయి. ఏం కాపాడాయి ఆ తుపాకులు?

అదే వనపర్తి రాజావారి కోటలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. మా మరిదిగారు చదివింది అక్కడే! కత్తులు తిరిగిన చోట డ్రాయింగు బల్ల దగ్గర నిలబడి గీతలు గీసి, ఉద్యోగం సంపాదించి, కొడుకును ఇంజనీరింగు చదివించారు. వాడు టెక్సాసు చేరింది ఆ గీతల మీద నడిచే గాని తుపాకీ భుజాన వేసుకుని కాదు.

గద్వాల వైపు వీరుడెవరంటే నేను సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు చెబుతాను. ఆయనది ఇటిక్యాలపాడు, 1896లో పుట్టారు. తెలంగాణాలో కవులే లేరని ఒకాయన అంటే ఆయనకు కోపం వచ్చింది. ఏం చేశారు? 354 మంది కవుల పద్యాలు పోగుచేసి, 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేసి ముందు పెట్టారు. దెబ్బంటే అదీ! ఇన్నేళ్ళయినా ఆ దెబ్బకు తిరుగులేదు. ఏ తూటాకుంది అంత ఆయుష్షు?

తుపాకీ చప్పుడు అంటే ఏమిటో మన జిల్లాల ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. అచ్చంపేట, అమ్రాబాదు, కొల్లాపురం వైపు వాళ్ళనడగండి. రాత్రి తలుపు తడితే అన్నలా, పోలీసులా తెలియక ఊపిరి బిగబట్టిన ఇళ్ళెన్నో చెబుతారు. 1993 నవంబరులో సోమశిల దగ్గర మందుపాతర పేలి జిల్లా ఎస్పీ పరదేశి నాయుడుగారు, ఆయన వెంట పోలీసులు చనిపోయారు. 2005 ఆగస్టు 15న, జెండా పండగ నాడే, నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిగారిని, ఆయన కొడుకును కాల్చి చంపారు. కాల్చినవాళ్ళ వాదన ఏదైనా, కూలినవాళ్ళ గౌరవం ఎంతైనా, చివరకు నేల మీద కూర్చుని ఏడ్చినవాళ్ళు ఆడవాళ్ళే. అంత చూసిన గడ్డ నుంచి వెళ్ళి, ఆ చప్పుడును వినోదానికి కొనుక్కుంటాడా?

మన దేశంలో ఈ విషయంలో చట్టం నాకు నచ్చుతుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం పట్టుకుంటే పేలుతూనే ఉండే తుపాకీ నిషిద్ధం. మామూలు తుపాకీకైనా లైసెన్సు కావాలి. ఒకరికి మూడుండవచ్చన్నదాన్ని 2019లో రెండుకు తగ్గించారు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో సరదాకు పేల్చి ఎదుటివాళ్ళ ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అన్నారు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకీని కూడా స్టేషనులో అప్పగించమనవచ్చు. అంటే తుపాకీ నీ సొంతం కాదు, నలుగురి ఒప్పుదలతో నీ దగ్గర ఉంటోందని చట్టం గుర్తు చేస్తోందన్నమాట.

"దసరా నాడే పాండవులు జమ్మిచెట్టు మీంచి ఆయుధాలు దింపిన్రు గద పెద్దమ్మా" అన్నాడు చివరకు మావాడు, ఇక నా దగ్గర జవాబుండదనుకుని. దింపారు నాయనా. దింపాక ఏం జరిగిందో కూడా చదువు. భారతంలో యుద్ధం అయ్యాక స్త్రీపర్వం అని ఒకటుంది. గెలిచినవాళ్ళ ఆడవాళ్ళూ, ఓడినవాళ్ళ ఆడవాళ్ళూ ఒకే నేల మీద తమవాళ్ళను వెతుక్కున్న పర్వం అది. ద్రౌపదికి అయిదుగురు కొడుకులూ మిగల్లేదు. ఆయుధాలు చెట్టు మీద ఉన్న ఏడాదంతా ఆ పిల్లలు బతికే ఉన్నారు. అందుకే మనం దండం పెట్టేది జమ్మిచెట్టుకు. బంగారమని పంచుకునేది దాని ఆకు.

ఇదంతా అయ్యాక, ఒక రాత్రి మా కోడలు ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "పెద్దత్తమ్మా, మీరొక్కరే అడిగిన్రు. నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. తాళంచెవి ఎక్కడ పెడతడో బాబుకు తెలుసు. అందరు బాగుందంటుంటె నేనెట్ల వద్దందు?"

అదీ సంగతి. తుపాకీ కొన్నది మావాడే. దాన్ని ఆ ఇంట్లో నిలబెట్టింది మాత్రం మన మెచ్చుకోళ్ళు. అందులో నాదీ ఒకటి. కోడలి నోటికి తాళం వేసింది మనం. మనలో ఎవరికైనా ఇలాంటి ఫోటో వస్తే దిష్టి తియ్యకండి, దీవెనలు పెట్టకండి. "అది ఇంట్లో వద్దు" అని ఒక్క మాట రాయండి. అక్కడ ఒక కోడలికి బలమొస్తుంది. కొడుకులు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి. నొచ్చుకున్న కొడుకు మళ్ళీ ఫోను చేస్తాడు.

మావాడు "ఆలోచిస్త" అన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. నేను ప్రతి ఆదివారం, వాడు రేంజికి బయల్దేరే వేళకు, ఫోను చేస్తూనే ఉన్నాను. కవర్లో నాలుగు జమ్మి ఆకులు పెట్టి పంపుదామనుకున్నాను గానీ, ఆ దేశంలోకి చెట్టూ చేమా రానివ్వరుట. ఆకుకు అడ్డు, తుపాకీకి లేదు!