మందు మార్చేముందు మాట చెప్పాలి

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి మందులు మారడం కొత్త కాదు. 2004 ఏప్రిల్‌ 1న మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్స) మొదలైనప్పుడు చాలామందికి దక్కింది స్టావుడిన్‌ కలిసిన మాత్రలే. వాటితో ప్రాణం నిలిచింది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ బుగ్గలు పీక్కుపోయాయి, అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు మొదలయ్యాయి. ముఖం చూసి జబ్బు పోల్చుకుంటారన్న భయం రోగిని వెంటాడింది. దాని స్థానంలో వచ్చిన జిడోవుడిన్‌ కొందరిలో రక్తహీనత తెచ్చింది. మరో మందు ఎఫావిరెంజ్‌ తల తిప్పింది, పీడకలలతో నిద్ర చెడగొట్టింది. 2020 తర్వాత జాతీయ ఎయిడ్స్‌ నియంత్రణ సంస్థ (న్యాకో) లక్షలమందిని టీఎల్‌డీకి, అంటే టెనోఫోవిర్‌, లామివుడిన్‌, డోలుటెగ్రావిర్‌ కలిసిన ఒకే మాత్రకు మార్చింది. ఈ మార్పు సరైనదే. అయితే కొత్త మందు ఏం చేయగలదో రోగికి ముందే చెప్పి, ఆ తర్వాత ఓపిగ్గా గమనించకపోతే ఎంత మంచి మందైనా సగం పనే చేస్తుంది.

డోలుటెగ్రావిర్‌ బలం గురించి సందేహం లేదు. వైరస్‌ను త్వరగా అణచివేస్తుంది, దాన్ని తట్టుకునే శక్తి వైరస్‌కు అంత తేలిగ్గా రాదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తొలి వరుస చికిత్సగా సిఫారసు చేసింది. పేద దేశాలకు ఏడాది మందులు మనిషికి సుమారు 75 డాలర్లకే అందేలా 2017లో కుదిరిన ఒప్పందంలో హైదరాబాద్‌కు చెందిన అరబిందో ఫార్మా కూడా భాగస్వామి. కానీ బలమైన మందుకూ దుష్ప్రభావాలుంటాయి. జొహానెస్‌బర్గ్‌లో వెయ్యి మందికి పైగా పాల్గొన్న అడ్వాన్స్‌ పరిశోధనలో 48 వారాలకు ఎఫావిరెంజ్‌ వాడినవారి కంటే డోలుటెగ్రావిర్‌ను టెనోఫోవిర్‌ డైసోప్రాక్సిల్‌తో కలిపి వాడినవారు, వారి కంటే టెనోఫోవిర్‌ అలాఫెనమైడ్‌తో కలిపి వాడినవారు సగటున ఎక్కువ బరువు పెరిగారు. ఒళ్లు చేయడం మహిళల్లోనే ఎక్కువగా కనిపించింది. వీరంతా అప్పుడే చికిత్స మొదలుపెట్టినవారన్నది నిజమే. అయినా ఎఫావిరెంజ్‌ నుంచి మారినవారిలోనూ బరువు పెరుగుతోంది. బరువును అదుపులో ఉంచే గుణం కొంత ఎఫావిరెంజ్‌కు ఉండటం, అది ఆపగానే ఆ అదుపు తొలగిపోవడం ఇందుకు ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. కొద్దిమందిలో రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరిగిన ఉదాహరణలు ఉగాండాలో నమోదయ్యాయి. మధుమేహం ఇప్పటికే ఇంటింటా ఉన్న తెలుగు రాష్ట్రాల్లో దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

చెప్పకపోతే వచ్చే నష్టం ఇక్కడే ఉంది. నిద్ర పట్టకపోతే మాత్రను ఉదయం పూటకు మార్చుకోవచ్చు. ఐరన్‌, కాల్షియం మాత్రలు, కొన్ని రకాల గ్యాస్‌ మందులు డోలుటెగ్రావిర్‌ బలాన్ని తగ్గిస్తాయి కాబట్టి దీన్ని వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. దీనితోపాటు మధుమేహానికి మెట్‌ఫార్మిన్‌ వాడేవారికి దాని మోతాదును డాక్టరు తగ్గించాల్సి రావచ్చు. క్షయకు రిఫాంపిసిన్‌ వాడుతున్నవారికి డోలుటెగ్రావిర్‌ రోజుకు రెండుసార్లు అవసరం. క్రియాటినిన్‌ కొంచెం పెరిగినంత మాత్రాన కిడ్నీ చెడినట్టు కాదు. డోలుటెగ్రావిర్‌ ఆ పదార్థం మూత్రంలోకి వెళ్లే ఒక దారిని మూసేస్తుంది, అంతే. కానీ టెనోఫోవిర్‌ కొందరిలో కిడ్నీని నిజంగానే దెబ్బతీయగలదు కనుక ఆ తేడాను డాక్టరే తేల్చాలి. ఇవేవీ తెలియని మనిషి ‘ఈ మందు నాకు పడలేదు’ అనుకుని చెప్పకుండా మానేస్తాడు. వైరల్‌ లోడ్‌, అంటే రక్తంలో వైరస్‌ మోతాదు, మళ్లీ లేస్తుంది. హెపటైటిస్‌ బి కూడా ఉంటే, ఉన్నట్టుండి మాత్ర ఆపడం వల్ల కాలేయ వాపు తిరగబెట్టే ప్రమాదమూ ఉంది.

చెబితే భయపడి మందే వద్దంటారని కొందరు వాదిస్తారు. బోట్స్వానా అనుభవం ఇందుకు సమాధానం. గర్భం దాల్చే సమయానికి డోలుటెగ్రావిర్‌ వాడుతున్న తల్లుల పిల్లల్లో నాడీనాళ లోపాలు ఎక్కువ కావచ్చని 2018లో అక్కడి పరిశీలనలో ఒక సంకేతం కనిపించింది. చాలా దేశాలు మహిళలకు ఈ మందును పరిమితం చేశాయి. అదే ఏడాది కిగాలీలో సమావేశమైన ఆఫ్రికా మహిళలు సమాచారం ఇవ్వండి, నిర్ణయం మాకు వదిలేయండి అని కోరారు. తల్లీబిడ్డల వివరాల నమోదు ఆపకుండా సాగించడం వల్లే ఆ భయం తర్వాతి గణాంకాల్లో వీగిపోయింది. దాచి ఉంటే అనుమానం మిగిలేది. నమోదు చేయడం వల్ల మహిళలకు మందు అందింది. బరువు పెరగడమంటే ఆరోగ్యం తిరిగి రావడమేనన్న మాట కూడా ఉంది. చిక్కిపోయి వచ్చినవారి విషయంలో అది నిజం. ఏళ్ల తరబడి స్థిరంగా ఉన్నవారికి వర్తించదు. ఏఆర్‌టీ కేంద్రాల్లో రద్దీ ఉంది, తీరిక ఎక్కడిదన్నది న్యాయమైన అభ్యంతరమే. దానికి మౌనం పరిష్కారం కాదు. బరువు తూకానికి నిమిషం చాలు, అచ్చ తెలుగులో ఒక కరపత్రానికి పెద్ద ఖర్చు కాదు.

2018 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్‌ చట్టం చికిత్సకు తెలిసి ఇచ్చే సమ్మతిని తప్పనిసరి చేసింది. మందు మార్పునూ ఆ స్ఫూర్తితోనే చూడాలి. మార్చే రోజున ఏం జరగవచ్చో కౌన్సెలర్‌ చెప్పాలి. బరువు, చక్కెర, క్రియాటినిన్‌ మార్పుకు ముందూ తర్వాతా రాసిపెట్టాలి. ఇబ్బందులను జాతీయ ఫార్మకోవిజిలెన్స్‌ కార్యక్రమానికి పంపాలి. మందు వాడుతున్నవారికి ఒక మాట: ఇబ్బంది ఏదైనా సరే, మాత్ర ఆపకముందే మీ ఏఆర్‌టీ కేంద్రంలో చెప్పండి. సందేహాలకు 1097 ఉచిత నంబరు ఉంది.