పాత డిస్కుతో ఇంటి గుట్టు అంగడి పాలు

మండల కేంద్రాల్లోని పాత ఇనుము దుకాణాలకు చెడిపోయిన సెల్‌ఫోన్లు, కంప్యూటర్లతో పాటు అరచేతిలో ఇమిడే హార్డ్ డిస్కులూ వస్తున్నాయి. పెళ్ళి ఫోటోలు తీసే స్టూడియోలవారు, దరఖాస్తులు నింపే నెట్ సెంటర్లవారు, చదువు ముగించిన విద్యార్థులు కొత్తవి కొనుక్కుని పాతవి వదిలించుకుంటున్నారు. ఫైళ్ళన్నీ డిలీట్ చేశాం, ఇక అందులో ఏమీ లేదని వారి ధీమా. ఆ ధీమా సరైనది కాదు. దానివల్ల నష్టపోయేది అమ్మినవారొక్కరే కాదు. తమ కాగితాలు ఆ డిస్కులో ఉన్నాయన్న సంగతే తెలియని పల్లె జనం కూడా నష్టపోతారు.

రైతు పంట రుణానికో, బీమాకో నెట్ సెంటరుకు వెళితే ఆధార్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం అన్నీ స్కాన్ అవుతాయి. ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి జరిగితే వందల ఫోటోలు స్టూడియో డిస్కులో ఉంటాయి. డిస్కు చేతులు మారితే అవీ చేతులు మారినట్లే. ఆ కాగితాలతో మోసగాడు ఒకరి పేరు చెప్పుకుని అప్పు తీయవచ్చు. ఆ ఫోటోలతో ఆకతాయి ఒక కుటుంబం పరువు తీయవచ్చు.

డిలీట్ చేస్తే పోయేది ఫైలు కాదు, ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికలోని పేరు మాత్రమే. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన చేలోని పైరు మాయం కాదు కదా! 'క్విక్ ఫార్మాట్' చేసినా జరిగేది ఇంతే. ఆ చోట కొత్త సమాచారం రాసే వరకు పాతది అలాగే ఉంటుంది. దానిని తిరిగి తీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

ఇది ఉత్త భయం కాదు. అమెరికాలో ఎం.ఐ.టి. పరిశోధకులిద్దరు 158 పాత డిస్కులు కొని పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగా చెరిపినవి 12 మాత్రమే. మోర్గాన్ స్టాన్లీ అనే పెద్ద ఆర్థిక సంస్థ తన పాత యంత్రాలను అనుభవం లేని ఒక సామాను తరలింపు కంపెనీకి అప్పగించింది. వాటిలో కొన్ని ఖాతాదారుల వివరాలతో సహా వేలంలో అమ్ముడుపోయాయి. 2022లో అక్కడి ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఆ సంస్థకు 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అంత పెద్దవారే జాగ్రత్త పడనప్పుడు మన షాపులవారికి చెప్పేవారుండాలి.

డిస్కును నిజంగా చెరపడం కష్టం కాదు, ఖర్చూ లేదు. ముందుగా కావలసినవి వేరేచోట దాచుకోవాలి. విండోస్ కంప్యూటరుకు తగిలించి, చెరపవలసిన డిస్కు అదేనా అని రెండుసార్లు సరిచూసుకోవాలి. ఫార్మాట్ నొక్కి, 'క్విక్ ఫార్మాట్' ఎదురుగా ఉన్న టిక్కు తీసేసి, స్టార్ట్ నొక్కాలి. విస్టా, ఆ తరువాత వచ్చిన విండోసులన్నీ అప్పుడు డిస్కు అంతటా సున్నాలు రాస్తాయి. లోపల పళ్ళేలు తిరిగే మామూలు డిస్కుకు ఇలా ఒక్కసారి చేస్తే చాలు. ఏడుసార్లు రాయాలనేది పాత మాట. ఒక టీబీ డిస్కుకు వేగమైన యూఎస్‌బీలో సుమారు 3 గంటలు, పాత రకంలో 8, 9 గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి పని అయిపోతుంది.

అంత ఓపిక లేనివారు డిస్కు కొన్ననాడే గట్టి పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవాలి. వెరాక్రిప్ట్ వంటివి ఉచితం. అప్పుడు పాస్‌వర్డు లేనివాడికి అందులోనివి అర్థంకాని గీతలే. అమ్మేనాడు క్విక్ ఫార్మాట్ చేస్తే చాలు. పళ్ళేలు లేని ఎస్ఎస్‌డీలో పైన రాసినా కొన్ని మూలల్లో పాతది మిగిలిపోతుంది. అందుకని దానికి ఎన్‌క్రిప్షనో, తయారీదారు ఇచ్చే చెరిపే సాఫ్ట్‌వేరో వాడాలి. అసలు పనిచేయని డిస్కును నీళ్ళలో ముంచితే లాభం లేదు. లోపలి పళ్ళేలకు డ్రిల్లుతో రంధ్రాలు వేయాలి. కొన్నింటిలో అవి గాజువి కనుక కళ్ళకు రక్షణ ఉండాలి. తగలబెట్టడం మాత్రం కూడదు, ఆ పొగ విషం.

పని తీరిన తరువాత, చట్టరీత్యా ఉంచవలసినవి మినహా, ఇతరుల వివరాలను చెరిపివేయాలని 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. అయితే చట్టం ఊళ్ళోకి నడిచి రాదు. పెళ్ళి ఆల్బం చేతికి అందిన రోజున "మా ఫోటోలు ఎప్పుడు తీసేస్తారు?" అని స్టూడియోవారిని అడగాలి. కాగితం స్కాన్ చేయించిన రైతు, పని కాగానే తన ఎదుటే చెరపమనాలి. అడిగితే ఏమనుకుంటారోనన్న మొగమాటం పనికిరాదు. షాపులవారు కూడా పాత డిస్కును తూకానికి వేసేముందు ఒక రాత్రి వెచ్చించాలి. నమ్మి కాగితాలిచ్చిన ఊరివారికి చేయవలసిన కనీస న్యాయం ఇది. నెట్ సెంటర్లవారికి, స్టూడియోలవారికి మండల స్థాయిలో ఒక పూట శిక్షణ ఇప్పించే విషయం జిల్లా అధికారులు ఆలోచించాలి.