ఏ రోజైనా ఆపేయగలిగేలా

రీల్స్‌లో పాత కారు బాగవడానికి 60 సెకన్లు చాలు. మొదటి సెకన్‌లో తుప్పు పట్టిన డొక్కు, ఆఖరి సెకన్‌లో అద్దంలా మెరిసే ఎర్ర రంగు, వెనకాల అదిరిపోయే బీజీఎం. మధ్యలో ఏం జరిగిందో మాత్రం ఎవరూ చూపించరు. ఈ వారం ఆ మధ్యలో సంగతే మాట్లాడుకుందాం. ఎందుకంటే రెండేళ్లుగా నేనుంటున్నది అక్కడే.

మా ఇల్లు డెట్రాయిట్ పక్కన చిన్న ఊళ్లో. పగలు కోడింగ్, రాత్రి గ్యారేజ్. గ్యారేజ్‌లో 1966 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్.

మజిల్ కారంటే ఏంటో తెలియని వాళ్లకి రెండు ముక్కలు. 1964లో పాంటియాక్ వాళ్లు ఓ మధ్యస్థం సైజు కారులో, పెద్ద కార్లకి పెట్టే 6.4 లీటర్ల వి8 ఇంజిన్ దించేసి జీటీఓ అని అమ్మారు. ఈ పిచ్చి అక్కణ్ణుంచే మొదలైందని చాలామంది లెక్క. అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో ఫోర్డ్ వాళ్లు మస్టాంగ్‌ని బయటపెట్టారు. రెండేళ్లు తిరక్కుండానే పది లక్షల కార్లు తయారయ్యాయి. పట్టింపున్న వాళ్లనడిగితే “మస్టాంగ్ మజిల్ కారేంటి, అది పోనీ కారు” అని కొట్లాటకొస్తారు. రానివ్వండి. నా దాంట్లో ఉన్నది 4.7 లీటర్ల వి8. నాకది చాలు.

ఈ కారు మీద మనసు పడ్డవాళ్లకి ముందే ఒక చిట్కా. ఆ కాలం మస్టాంగ్‌కి వీఐఎన్ నంబర్లో ఐదో అక్షరం చూడండి. ‘టీ’ ఉంటే ఆరు సిలిండర్ల బండి, ‘సీ’ ఉంటే వి8. చక్రం దగ్గర కూడా లెక్కపెట్టొచ్చు. వి8కి ఐదు నట్లు, ఆరు సిలిండర్ల దానికి నాలుగే. బయట వి8 బ్యాడ్జి ఎవడైనా అంటించగలడు, ఈ రెండూ మార్చడం అంత తేలిక కాదు. నా కారు నంబర్లో రెండో అక్షరం ‘ఎఫ్’. అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీలో పుట్టింది. మా ఇంటికి అరగంట దూరం. అరవై ఏళ్లు ఎక్కడెక్కడో తిరిగి పుట్టింటి పక్కకే చేరింది!

ఇక దెబ్బల సంగతి. మొదటిది తుప్పు.

ఫ్లోర్ పోయిందని చూసే కొన్నాను. కార్పెట్ ఎత్తితే కింద నేల కనిపించేది. దానికి భయం లేదు. మస్టాంగ్‌కి ప్రతి రేకూ కొత్తది దొరుకుతుంది. ఏడిపించింది కౌల్. వైపర్ల దగ్గర జల్లెడలా చిల్లులుంటాయి కదా, దాని కింద రెండు రేకులు కలిపి వెల్డ్ చేసిన పెట్టె లాంటిది. లోపలికి గాలి రావడానికి పెట్టారు. గాలితో పాటు ఎండుటాకులూ పడతాయి. తడి నిలుస్తుంది. తుప్పు లోపల్నుంచే తినుకుంటూ వస్తుంది. బయట నుంచి చూస్తే ఏమీ తెలీదు. అక్కడ ఒక మగ్గు నీళ్లు పోస్తే బండారం బయటపడుతుంది. నేను కొన్నది జనవరిలో, బయట మోకాలి లోతు మంచు. ఏప్రిల్‌లో మంచు కరిగాక నీళ్లు పోశాను. డ్రైవర్ కాళ్ల దగ్గర చుక్కలు పడలేదు, ధార కట్టింది.

కౌల్ మార్చాలంటే ముందు అద్దం తియ్యాలి, ఫెండర్లు తియ్యాలి, వైపర్ మోటర్ తియ్యాలి. తర్వాత స్పాట్ వెల్డులు ఒక్కొక్కటే డ్రిల్ చెయ్యాలి. వంద దాటాక లెక్కపెట్టడం మానేశాను. మూడు వారాలనుకున్న పని నాలుగు నెలలు పట్టింది.

రెండో దెబ్బ ఒక బోల్టు. పొగ బయటికి పోయే మానిఫోల్డ్ బోల్టులు ఇన్నేళ్లు కాగి, చల్లారి, సిలిండర్ హెడ్‌లో కలిసిపోయి ఉంటాయి. మూడు రోజులు ఆయిల్ పోసి నానబెట్టాను. టార్చ్‌తో కాల్చి, కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ ఆడించాను. ఏడు వచ్చాయి. ఎనిమిదోది తల తెగి లోపలే ఉండిపోయింది.

పక్కింటి పెద్దాయన ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. వచ్చి చూసి, “ఇవాళ్టికి లైటు ఆర్పేసి పడుకో బాబూ. కోపంగా ఉన్నవాడి చేతికి పానా ఇవ్వకూడదు” అన్నాడు. మర్నాడు విరిగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి, మధ్యలోంచి వెల్డ్ కొట్టాడు. ఆ వేడికి తుప్పు పట్టు వదిలింది. చల్లారాక పానా పెట్టి తిప్పితే బోల్టు బుద్ధిగా బయటికొచ్చింది. పదిహేను నిమిషాల పని. ముందు రోజు రాత్రే డ్రిల్ పట్టుకుని ఉంటే హెడ్డే పోయేది.

మూడో దెబ్బ గ్యారేజ్‌లో తగల్లేదు, మెయిల్‌లో వచ్చింది. మా టీమ్ మొత్తాన్నీ తీసేశారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఆ మాట అర్థం వేరు. ఉద్యోగం పోయిన రోజు నుంచి 60 రోజుల్లోపు ఇంకో కంపెనీ మన తరఫున పిటిషన్ వెయ్యాలి, లేదా వేరే ఏదో దారి చూసుకోవాలి. కుదరకపోతే పెట్టెలు సర్దుకోవడమే. గ్యారేజ్‌లో చూస్తే ఇంజిన్ ఒక మూల, తలుపులు ఒక మూల, సీట్లు మా బెడ్‌రూమ్‌లో.

విడదీసిన కారుకి ధర పలకదు. ఏ ముక్క ఎక్కడిదో తెలియని ఇనుప సామాను ఎవరు కొంటారు? కానీ మా దగ్గర ఒక్కటి బాగుంది. విప్పిన ప్రతి నట్టూ బోల్టూ జిప్ కవర్‌లో ఉంది, కవర్ మీద మార్కర్‌తో పేరు ఉంది, విప్పేముందు తీసిన ఫొటో ఫోన్‌లో అదే పేరుతో ఉంది. సగం కవర్ల మీద రాత మా ఆవిడదే. 22వ రోజున ఒకాయన చూడ్డానికొచ్చాడు. కారుని ఐదు నిమిషాలు చూశాడు, కవర్లని అరగంట చూశాడు. నేను పెట్టిన డబ్బులో ముప్పావు వంతు ఇస్తానన్నాడు.

“ఇచ్చేద్దామా?” అన్నాను రాత్రి.

“45వ రోజు దాకా చూద్దాం. అప్పటికీ ఏదీ తేలకపోతే ఆయనకే ఫోన్ చెయ్” అంది తను.

41వ రోజున కొత్త కంపెనీ పిటిషన్ ఫైల్ చేసింది. కారు ఉండిపోయింది.

మీకు చెప్పాలనుకున్నది ఇదే. పెద్ద పని ఏది మొదలుపెట్టినా, ఏ రోజైనా ఆపేయగలిగేలా చెయ్యండి. రేపు ఈ పని మీద మీరు లేకపోయినా ఇంకొకరు అందుకోగలిగేలా ఉంచండి. వినడానికి పిరికి మాటలా ఉంటుంది గానీ, నాకు ధైర్యమిచ్చింది అదే. వదిలేసే దారి తెరిచి ఉంది కాబట్టే ఆ 41 రోజులు ప్రశాంతంగా ఇంటర్వ్యూలకి చదువుకోగలిగాను.

ఇంకో మాట, డబ్బు గురించి. బడ్జెట్ తగ్గినప్పుడు వరస తప్పకూడదు. ముందు ఆగాలి, తర్వాత కదలాలి, ఆ తర్వాతే మెరవాలి. 1966 మస్టాంగ్‌లో బ్రేకులన్నిటికీ ఒకటే సర్క్యూట్. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 నుంచి ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి ఇచ్చారు. అందుకే పెయింట్ కోసం దాచిన డబ్బుతో ముందు రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ వేయించాను. పాత రబ్బరు పెట్రోల్ పైపులూ మార్చాను. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు.

“మాకు మస్టాంగ్ ఎక్కడిది అన్నా” అంటారా? మీ తాతగారి షెడ్డులో అంబాసిడరో, ఫియటో, జావానో ఉండే ఉంటుంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చెయ్యని బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబర్ ఇస్తారు. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, రెన్యువల్‌కి 5,000. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికీ, కిరాయికి తిప్పడానికీ మాత్రం కుదరదు. కాబట్టి ముందు ఆర్సీ కాగితాలు వెతకండి. పానా తర్వాత.

ఏటా ఆగస్టు మూడో శనివారం ఇక్కడి వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల జాతర జరుగుతుంది. 1995లో మొదలైంది. ఈసారి మా కారు కూడా వెళ్తుంది. రంగు ఇంకా వెయ్యలేదు, బూడిద రంగు ప్రైమర్ మీదే ఉంటుంది. బ్రేకులు మాత్రం బాగా పడుతున్నాయి.